శాకాహారుల ఇంట్లో గుడ్డు

మండపేటలో బట్టల కొట్టు నిరంజన్ భార్య ప్రసన్నలక్ష్మికి ఆ గురువారం లేస్తూనే ఎక్కడలేని హుషారొచ్చింది. అద్దంలో చూసుకుంటే తనకు తనే ముద్దొచ్చింది. మూడేళ్లుగా బీరువాలో పడున్న ఎర్ర పట్టుచీర కట్టుకుని, టిఫిన్ తింటున్న మొగుణ్ణి చూసి, "ఏవండీ, ఇవాళ మీ మీసం భలే ఉందండి" అంది. నిరంజన్ ఇడ్లీ మింగడం మరిచిపోయాడు. పెళ్లినాటి నుంచీ అదే మీసం.

పదకొండింటికి కొట్లో చీర మడతపెడుతూ వంగేసరికి పొత్తికడుపులో కుడివైపు చురుక్కుమంది. "అమ్మా!" అంటూ కూలబడింది.

"అపెండిక్సే! మా పెదనాన్నగారికీ ఇలాగే వచ్చింది" అని రాజమండ్రి ఆసుపత్రికి కారు తీశాడు నిరంజన్. అత్తగారు జగదాంబ కోడలి నుదుట విభూది పెట్టి తానూ కారెక్కింది. ద్వారపూడి దాటేసరికే నొప్పి సగం తగ్గింది. ప్రసన్నలక్ష్మి కిటికీ అద్దం దించి కూనిరాగం అందుకుంది.

"మతి తప్పుతున్నట్టుంది, తొందరగా పోనీరా!" అని జగదాంబ కంగారుపడింది.

రాజమండ్రిలో డాక్టర్ సూర్యకళ స్కానింగ్ చేసి, కిందటి నెలసరి ఎప్పుడొచ్చిందో అడిగి, వేళ్లమీద రోజులు లెక్కపెట్టి నవ్వింది. "అపెండిక్స్ కాదండి. గుడ్డు విడుదలైంది, అంతే."

జగదాంబ కుర్చీలో నిటారుగా అయిపోయింది. "అవేం మాటలండి! ఏడు తరాలుగా మా గుమ్మంలోకి గుడ్డన్నది రాలేదు."

ప్రసన్నలక్ష్మి స్కానింగ్ మెషిన్ వైపు చూసింది. పాడు మెషిన్‌లో అంతా కనిపించేసినట్టుంది. ఇక దాచి లాభం లేదనుకుంది. "క్షమించండత్తయ్యా. ఒక్కటంటే ఒక్కటే ఎగ్ పఫ్. కాకినాడలో. అదీ రెండేళ్ల కిందట."

"ఒక్కదానివే తిన్నావా?"

నిరంజన్ గోడమీది క్యాలెండర్‌ని శ్రద్ధగా చదవసాగాడు.

నవ్వాపుకోవడానికి డాక్టర్ మంచినీళ్లు తాగాల్సివచ్చింది. "తినే గుడ్డు కాదండి. ఆడవాళ్ల అండాశయంలోంచి నెలకోసారి అండం బయటికొస్తుంది. అప్పుడు కొందరికి ఇలా ఓ పక్క పొడుస్తుంది. కొందరికి ఆ రెండు మూడు రోజులూ హార్మోన్ల వల్ల మంచి హుషారుగా ఉంటుంది. మొహం కళగా ఉన్నట్టుంటుంది. మొగుడు కూడా అందంగా కనిపిస్తాడు."

నిరంజన్ మొహం వాడిపోయింది. "అయితే మీసం సంగతి..."

"ఎల్లుండి మళ్లీ చూసి చెబుతానండి" అంది ప్రసన్నలక్ష్మి.

జగదాంబ మాత్రం నవ్వలేదు. "నెలకోసారా? ఓ పక్కా? చురుక్కుమనా?" అని ఒక్కొక్కటే అడిగింది. డాక్టర్ ప్రతిదానికీ తలూపింది.

"కాపరానికొచ్చిన కొత్తలో నాకూ ఇలాగే వచ్చేదండి. నీకు వంకాయ పడట్లేదని మా అత్తగారు మాన్పించేశారు. ముప్ఫయ్యారేళ్లయిందండి, నోట్లో పెట్టి!" అంది జగదాంబ.

తిరుగుదారిలో జగదాంబ కారాపించి, రోడ్డుపక్క బండి దగ్గర తానే దిగి రెండు కిలోల లేత వంకాయలు ఏరుకుంది. సాయంత్రం అత్తాకోడళ్లు గుత్తివంకాయ కూర వండుకుని, వంటింట్లోనే చతికిలబడి తిన్నారు. నిరంజన్ కొట్టు కట్టేసి వచ్చేసరికి పళ్లాల్లో తొడిమలే మిగిలాయి.