నిద్రపోనివ్వని మిషను

సంధ్యారాణి గ్రైండరు రాయికి అంటుకున్న దోసెల పిండిని వేళ్ళతో గీసి గిన్నెలోకి తోస్తోంది. పక్కన స్టూలు మీద లాప్‌టాప్ తెరిచే ఉంది. తెర మీద అంకెలు వరుసగా కిందికి జారుతున్నాయి.

కంప్యూటర్లో మిగతా ప్రోగ్రాములన్నిటికీ అడుగున పనిచేసే కెర్నెల్‌లో, ఏ పనికి ఎంత సమయం పట్టిందో నమోదు చేసే భాగం ఒకటుంటుంది. చోడవరంలోని ఈ రెండు గదుల ఇంట్లో కూర్చుని ఒక బెంగళూరు కంపెనీ కోసం దాని బాగోగులు చూడటం ఆమె ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఇతరుల తప్పులు సరిదిద్దింది. సొంతంగా చేసిన మొదటి మార్పు పోయిన నెలే కెర్నెల్‌లో చేరింది. నమోదు వేగం పెరిగింది. ఇప్పుడేమో కొందరి మిషన్లలో సమయాలు తప్పుగా వస్తున్నాయని ఫిర్యాదులు. సాయంత్రానికి కారణం దొరక్కపోతే ఆ మార్పును మొత్తంగా తీసేస్తామని పై అధికారి శామ్సన్ రాశాడు. ఆమె మిషన్లో మాత్రం తప్పు ఒక్కసారీ కనబడలేదు. దొరకదన్న భయం ఆమెకు లేదు. బుచ్చయ్యపేట బడిలో లెక్క తేలేదాకా పలక దించని మనిషే ఇప్పటికీ.

ఫ్యాను ఆగింది.

“ఒసే గుంటా, కరెంటు పోయింది. ప్లగ్గులు పీకెయ్,” పెరట్లోంచి పిన్ని అప్పలనరసమ్మ కేకేసింది. ఒకసారి కరెంటు తిరిగొస్తూనే వోల్టేజి ఎగిసి టీవీ కాలిపోయింది. అప్పటినుంచి కరెంటు పోతే ఆ ఇంట్లో అన్నీ కట్టేయాల్సిందే. సంధ్యారాణి కూడా ప్రతిసారీ లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపేసి, కరెంటు వచ్చాక మొదటినుంచి ఆన్ చేసేది.

“సేతుల్నిండా పిండి పిన్నీ.”

“నీ పెట్టి కాలిపోతే పిండి అమ్ముకుని కొంటావేటి?”

“అయితే నువ్వే పీకెయ్. నేను మూతేసేస్తన్నాను.”

మోచేత్తో లాప్‌టాప్ మూత దించింది. పిన్ని గొణుక్కుంటూ వచ్చి ప్లగ్గులన్నీ పీకింది.

కరెంటు వచ్చాక మూత తెరిచింది. మిషను నిద్రలేచి, వదిలిన చోటినుంచే పని అందుకుంది. కొత్త అంకెల్లో సమయం వెనకబడి ఉంది. కరెంటు ఎంతసేపు లేదో అంత వెనక.

సంధ్యారాణి అలాగే నేల మీద కూర్చుండిపోయింది. వేగం కోసం, మిషను ఆన్ అయినప్పుడు గడియారాన్ని ఒక్కసారే చూసి ఆ లెక్కతోనే నడవమని రాసింది తనే. మిషను నిద్రపోయిన కాలం ఆ లెక్కలోకి రాలేదు. మామూలుగా ఎవరైనా మూతేసి లేచి వెళ్తారు, మిషను నిద్రపోతుంది. ఈ ఇంట్లో దాన్ని ఎప్పుడూ నిద్రపోనివ్వలేదు.

“నీ ప్లగ్గుల పిచ్చి వల్లే ఇన్నాళ్ళూ దొరకలేదు పిన్నీ.”

“ఏటి దొరకలేదే?”

“తప్పు.”

“తప్పుని ఎతుక్కుంటారేటే ఎవులైనా?”

లేచిన ప్రతిసారీ గడియారాన్ని మళ్ళీ చూడమని నాలుగు వరుసలు రాసింది. కొత్త కెర్నెల్ తయారయ్యేదాకా గ్రైండరు కడిగింది. మూత వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. సమయాలు సరిగ్గా ఉన్నాయి. వేగమూ తగ్గలేదు. తప్పు ఎవరి మార్పుతో వచ్చిందో చెప్పాల్సిన చోట తన పేరే రాసి పంపింది.

గది మసకబడుతుండగా శామ్సన్ జవాబు వచ్చింది. “బాగుంది. నీ మార్పు ఉంటుంది.”

“పిన్నీ,” అంటూ వెనక్కి తిరిగింది.

రోజూ సాయంత్రం హాస్టల్లో వంట పనికి బయల్దేరేటప్పుడు అప్పలనరసమ్మ గుమ్మంలో నిలబడి, తలుపేసుకోమనీ, పిల్లి వస్తుందనీ వీధంతా వినబడేలా చెప్పి గాని కదలదు. ఇవాళ ఒక్క మాటా లేకుండా వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి ఉంది.

నేల మీద, సంధ్యారాణి చేయి తగిలి ఒలకనంత దూరంలో, స్టీలు గ్లాసుతో టీ. దాని మీద మూతగా చిన్న పళ్ళెం. ఎత్తి చూస్తే పళ్ళెం అడుగున పట్టిన ఆవిరి ఇంకా ఆరలేదు.