గంజి పట్టిన పోగు

నా పెనిమిటి కైలాసం కాలికి ముల్లు దిగి మూడు రోజులైనా ఆయనకు తెలియలేదు. గుంట మగ్గంలో దిగి కాళ్లతో కర్రలు తొక్కి నేసే మనిషికి కాళ్లే తెలియకపోతే ఇంకేం మిగిలినట్టు? కర్ర మీద కాలు ఉందో లేదో వంగి చూసుకుని తొక్కేవాడు. చైనాతో యుద్ధం జరిగిన ఏడాది అది.

దామోదర్‌రావు డాక్టరు ఆయన మూత్రం ఎనిమిది చుక్కలు నీలం మందులో వేసి గాజు గొట్టాన్ని దీపం మీద కాచాడు. నీలం పోయి ఇటుక రంగు తిరిగింది.

"మంచి రంగు పడ్డది సాబ్. చీర అంచుకు గీ రంగే దొరుకుతలేదు" అన్నాడు మా ఆయన. ఆయనకు లోకమంతా రంగులే.

"గది చక్కెర బీమారి కైలాసం. నీలం నీలంగనే ఉండాలె. అన్నం బంద్, బెల్లం బంద్, కల్లు బంద్. జొన్నరొట్టె తిను. రోజు గీ మాత్ర ఏస్కో. ఇనకపోతే కాలు పోతది." డాక్టరు నా వైపు తిరిగాడు. "సత్తమ్మా, నువ్వే చూస్కోవాలె."

చూసుకున్నాను. నేను చూసుకోవడమంటే ఏమిటో మా వాడంతా ఎరుగుదురు. బెల్లం కుండ అటకెక్కించాను. కల్లు పోసే మల్లన్నను మా గడప దిక్కు రావద్దని తిట్టి పంపాను. పెండ్లికి పిలుపొస్తే ఇంట్లోనే రొట్టె తినిపించి తీసుకుపోయాను. ప్రతి బుధవారం సీసా పట్టుకుని డాక్టరు ముందు నిలబడ్డాం. ప్రతి బుధవారం ఇటుక రంగే.

"ఎక్కడనో తింటున్నవ్" అన్నాడు డాక్టరు మూడో వారం.

"తింటలేను సాబ్."

ఇంటికొచ్చాక నేను దులిపేశాను. "ఎవరింట్ల తింటున్నవయ్యా? మీ అక్క యాదవ్వ పెడ్తున్నదా?"

"మగ్గం మీద ఒట్టు సత్తీ. తింటలే."

నేసేవాడు మగ్గం మీద ఊరికే ఒట్టు పెట్టడు. అది తెలిసీ నమ్మలేదు. యాదవ్వ ఇంటికి పోయి ఆమె ఉట్టి దించి వెదికాను. వాడలో నలుగురి ముందు ఆయనను తిండిదొంగ అన్నాను. తర్వాత ఆయన జవాబు చెప్పడమే మానేశాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడులే అనుకున్నాను.

మనిషి మాత్రం చిక్కిపోయాడు, నడుస్తుంటే తూలేవాడు. నాకు భయం పట్టుకుంది. నేత ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలిసిన బలం ఒకటే. పడుగు పోగు ఉత్తగా మగ్గమెక్కితే పుటుక్కున తెగుతుంది, గంజి పట్టిస్తే గట్టిపడుతుంది. పిల్లలకు వండిన అన్నం వార్చి, ఆ గంజిలో ఉప్పేసి, పొద్దున చెంబెడు, మాపటికి చెంబెడు ఆయనకే పోశాను. పిల్లలు అడిగినా ఇవ్వలేదు. బంద్ అన్నది అన్నం కదా, మా ఇండ్లల్లో గంజిని తిండి కింద ఎవరు చూస్తారు? నా మీద ఎంత కోపమున్నా ఆ చెంబును మాత్రం ఆయన రెండు చేతులతో అందుకునేవాడు.

కాలి వేలు నల్లబడిన రోజు డాక్టరు ఇంటికే వచ్చాడు. నేను అన్నం వారుస్తున్నాను.

"గా గంజి ఎవలికి?"

"ఆయనకే సాబ్, బలానికి. రోజుకు రెండు చెంబులు పోస్త." కొంచెం గొప్పగానే చెప్పాను.

డాక్టరు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "అన్నంల ఉన్నదే గంజిల ఉంటది సత్తమ్మా. నేను గది చెప్పకపోతిని" అన్నాడు మెల్లగా. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మంచంలో ఉన్న కైలాసం అంతా విన్నాడు, నా దిక్కు చూడలేదు.

పెద్ద దవాఖానలో కాలు మోకాలి కిందికి తీసేశారు. కంచే చేను మేసిందని వాడలో అన్నారు. అననీ, అబద్ధమా? నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. అన్నం వండుతాను, గంజి పారబోస్తాను, అంతే. ఇంటికొచ్చాక మొదటి బుధవారం డాక్టరు గొట్టం కాస్తే నీలం నీలంగానే ఉంది. రంగులు చెప్పే మనిషి ఏ రంగూ చెప్పలేదు.

అంతవరకు ఆయన నేతకు నూలు కండెలు చుట్టడమే నా పని. ఇప్పుడు మగ్గం గుంటలోకి నేనే దిగుతున్నాను. నిన్న పొద్దున వాకిట్లో పడుగు పరిచి, గంజిలో కుంచె ముంచి అట్లాగే నిలబడ్డాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"పట్టియ్ సత్తీ, ఎండ ముదురుతున్నది."

"నువ్వు తినలే" అన్నాను. ఆరు నెలలు పట్టింది ఆ మాట నోట్లోంచి రావడానికి. "నువ్వు ఎక్కడ తినలే. నేనే పోసిన."

ఆయన పడుగు వైపే చూస్తున్నాడు. "నాకు గంజి చిన్నప్పటి సంది పడదు. వద్దని ఎన్నడు చెప్పలే. తిట్టకుంట నువ్వు నా చేతికిచ్చేది గదొక్కటే ఉండె."

ఎండ ముదిరింది. పోగు మీద చెయ్యి ఆడిస్తున్నాను. కుంచె చేతిలో ఉందో లేదో తెలియక వంగి చూసుకున్నాను.