తిప్పతీగ పక్కన పెట్టని స్కేలు

నేను ఒక ఆరంగుళాల స్టీలు స్కేలుని. ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు. వీపు మీద ‘స్టెయిన్‌లెస్’ అని అచ్చు గుద్దారు. అంటే తుప్పు పట్టదని అర్థమట. ఆ పేరు పెట్టినవాళ్ళు నన్ను మట్టిలో పాతి చూడలేదు. ఇప్పుడు నా మొదటి రెండంగుళాలు ఒక కుండీలో కూరుకుపోయి ఉన్నాయి, అక్కడే తుప్పు మొదలైంది. అదేమంత బాధగా లేదు. నాకు ఏదీ అంత బాధగా ఉండదు. ఉన్నది ఉన్నట్టు కొలవడం తప్ప నాకు ఇంకో పని ఎవరూ నేర్పలేదు.

పుట్టింది ఎక్కడో ఒక యంత్రం కింద. అదే పూట నాలాంటివాళ్ళు వందలమంది పుట్టారు, ఎవరికీ ఒక్క గీత తేడా లేదు. కాకినాడలో ఒక పుస్తకాల కొట్లో కొన్నాళ్ళు రబ్బరు బ్యాండు బిగించుకుని పడి ఉన్నాక, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే చక్రధర్ గారు నన్ను కొన్నారు. ఆయన ఎండబెట్టిన మొక్కలను అట్టల మీద అంటించి, పక్కన నన్ను పెట్టి ఫొటో తీసేవారు. స్టూడెంట్లు ఎవరైనా నన్ను మరిచిపోతే ఊరుకునేవారు కాదు. “స్కేలు లేకుండా చూపిస్తే అది మర్రాకో మెంతాకో నాకెలా తెలుస్తుందయ్యా?” అని కసిరేవారు.

ఆ అట్టల దుమ్ము దులిపి, కలరా ఉండలు వేసి, బీరువాలో సర్దేది లాబ్ అటెండరు నూకరత్నం. ముప్ఫై ఒక్క ఏళ్ళు సర్దింది. సర్దగా సర్దగా అట్టల కింద రాసిన లాటిన్ పేర్లన్నీ ఆమెకు నోటికొచ్చేశాయి. ఆ సంగతి కాలేజీలో ఎవరికీ తెలియదు. “నూకరత్నం, నీళ్ళు”, “నూకరత్నం, ట్రేలు కడుగు” అనేవారే తప్ప, ఇదేం మొక్క అని ఆమెను అడిగినవాళ్ళు లేరు. చక్రధర్ గారు రిటైరైన రోజు బల్ల సొరుగు ఖాళీ చేస్తూ నన్ను ఆమె చేతిలో పెట్టి, “ఉంచుకో, నీకేం పనికొస్తుందో గానీ” అన్నారు.

పనికొచ్చాను. ఆమె కూడా రిటైరయ్యాక మేడ మీద కుండీలు పెట్టుకుంది. పక్కవాటాలో ఉండే ఆవిడ ఆమెను ఫోన్లో ‘మిద్దె మొక్కలు’ అనే గ్రూపులో చేర్చింది. అందులో నాలుగువేలమంది. పొద్దున లేస్తే ఎవరో ఒకరు ఆకు ఫొటో పెట్టి “ఇదేం మొక్కండీ?” అంటారు. ఎవరు ముందు పేరు చెబితే వాళ్ళకి పువ్వుల బొమ్మలు, దండాల బొమ్మలు. మనుషులు మొక్కను సరిగ్గా చూడకముందే పేరు అడుగుతారు, పేరు తెలిశాక ఇక చూడరు.

నూకరత్నం ఒకరోజు భయంభయంగా రాసింది: “నేల ఉసిరి. ఫిల్లాంథస్ అమారస్.” అవతలినుంచి “థాంక్యూ మేడమ్” అని వచ్చింది. ఆమెకు ఏదైనా పైకి చదివే అలవాటు, అందుకే ఈ కథంతా నాకు తెలిసింది. ఆ రెండు ముక్కలూ ఆవేళ మూడుసార్లు చదివింది. అరవై ఏళ్ళు దాటాక మొదటిసారి మేడమ్ అయింది మరి. 

రెండేళ్ళలో గ్రూపుకి ఆమె మాటే చివరి మాట అయింది. ఆమె ఒక పద్ధతి కూడా పెట్టింది. ఆకు ముందువైపు, వెనకవైపు, కాండం, మూడు ఫొటోలు పంపాలి, ప్రతిదాని పక్కనా స్కేలు ఉండాలి. నమూనా ఫొటోలో ఉన్నది నేనే. జనం స్కేలుకు బదులు గరిటెలు, దువ్వెనలు, టీవీ రిమోట్లు పెట్టి పంపేవారు. ఆమె నవ్వుకుంటూ అవీ ఒప్పుకునేది.

ఒకరోజు పొద్దున మండపేటనుంచి హేమసుందరి అనే అమ్మాయి ఫొటో పెట్టింది. ఒక్కటే ఫొటో. గోడ మీద పాకిన తీగ, హృదయం ఆకారంలో ఆకులు. కాండం కనబడలేదు, పక్కన ఏ వస్తువూ లేదు. “ఇది తిప్పతీగేనా అండి? మా ఆయనకి షుగరు, కషాయం ఇద్దామని.” అప్పటికే ఇంకో ఇద్దరు జవాబు రాస్తున్నట్టు కనబడుతోంది. నూకరత్నం నన్ను పక్కకి నెట్టి గబగబా కొట్టింది: “తిప్పతీగే. టినోస్పోరా కార్డిఫోలియా.” ఆ ఇద్దరూ ఆగిపోయారు. ఆమెకు ఎనభై మూడు పువ్వులు వచ్చాయి. నేను ఆమె చేతికి జానెడు దూరంలోనే ఉన్నాను.

హేమసుందరి భర్త సూరిబాబు నలభై రోజులు ఆ కషాయం తాగాడు. కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో చేర్చారు. ఏం తాగుతున్నాడని డాక్టరు గుచ్చి గుచ్చి అడిగాక హేమసుందరి ఇంటికి వెళ్ళి మళ్ళీ ఫొటో తీసి నూకరత్నానికి పంపింది. ఈసారి పద్ధతి ప్రకారం తీసింది. కాండం, పక్కన పిల్లల స్కేలు. కాండం నిండా పులిపిర్లలాంటి బొడిపెలు. నూకరత్నం చూసి, “టినోస్పోరా క్రిస్పా” అంది మెల్లగా. కాలేజీ బీరువాలో ఆ అట్ట కూడా ఉంది. దాని దుమ్మూ ఆమే దులిపింది.

ఫోన్ మోగింది.

“చూశారా మేడమ్?”

“చూసేనమ్మా.”

“అది కాదాండి అయితే?”

“కాదు తల్లీ. ఆ జాతిదే గానీ వేరేది.”

“లివరు బాగా దెబ్బతిందంటున్నారండి. మీరు అవునన్నారు కదాని ఇచ్చేనండి.”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నూకరత్నానికి కాస్త తేలికయ్యేదేమో.

ఆ తర్వాత పంతొమ్మిది రోజులు ఆమె గ్రూపులో ఒక్క మాట రాయలేదు. ఏడవలేదు కూడా. వండుకుంది, తింది, కుండీలకు నీళ్ళు పోసింది. పోసిన కుండీకే మళ్ళీ పోసింది. సూరిబాబు బతుకుతాడా లేదా అన్నది ఒక్కటే ఆమెకు తెలియాలి. అడగడానికి ఫోన్ తీసేది, మళ్ళీ పెట్టేసేది. “మేడమ్ ఊరెళ్ళారా?” అని గ్రూపులో ఎవరో అడిగారు.

ఇరవయ్యో రోజు కూర్చుని, ఒక్కో అక్షరమే పైకి చదువుతూ రాసింది. “నేను మేడమ్‌ని కాను. కాలేజీలో లాబ్ అటెండర్ని. కాండం చూడకుండా ఒక తీగకి పేరు చెప్పాను. తప్పు చెప్పాను. దాన్ని తాగి ఒక మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. నాతో సహా ఎవరు పేరు చెప్పినా, ఫొటో చూసి చెప్పిన ఆకుని నోట్లో పెట్టుకోకండి.”

రెండువందల దండాలు వచ్చాయి. “మీ వినయానికి జోహార్లు మేడమ్” అని ఒకరు. “ఒప్పుకోవడంలోనే మీ గొప్పతనం ఉంది మేడమ్” అని ఇంకొకరు. ఆ కిందనే మరొకరు, “మొన్న నేను పెట్టిన ఆకు సంగతి చెప్పనేలేదు మేడమ్, పప్పులో వేసుకోవచ్చా?” నూకరత్నం ఫోన్ బోర్లా పెట్టేసింది.

వారం తర్వాత హేమసుందరి ఫోన్ చేసింది.

“నూకరత్నం గారూ” అని పిలిచింది. మేడమ్ అనలేదు. “ఇవాళ రెండు ముద్దలు తిన్నారండి. గండం గడిచిందన్నారు. ఇంటికి పంపుతారంట.”

నూకరత్నం, “ఆ తీగ పీకేశావా?” అంది.

“ఇవాళ పీకేస్తానండి.”

“ఒక ముక్క నాకు పంపమ్మా.”

“ఇంకా ఎందుకండి అది మీకు?”

“చూసుకోడానికి.”

తడిగుడ్డలో చుట్టిన ముక్క బస్సు పార్సిల్లో వచ్చింది. ఆమె దాన్ని కుండీలో నాటి, గోళ్ళరంగుతో నా మీద ‘క్రిస్పా. తిప్పతీగ కాదు’ అని రాసి, పక్కన గుచ్చింది. నా సున్నా మట్టిలోకి వెళ్ళిపోయింది కాబట్టి నేనిక దేన్నీ కొలవలేను. తీగ నన్ను చుట్టుకుని, నన్ను దాటి పైకి పోయింది.

గ్రూపులో ఇప్పుడు ఆమెకు పువ్వులు రావు. మేడమ్‌కి మతిమరుపు వచ్చిందని కొందరు అనుకుంటున్నారు. రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక ఆకు ఫొటో పెడతారు. నూకరత్నం ఫోన్ పట్టుకుని ఈ కుండీ దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఆకు పేరు ఒక్కోసారి నోటిదాకా వచ్చేస్తుంది, పెదవులు కదులుతాయి, నేను చూస్తూనే ఉంటాను. అప్పుడు బొటనవేలితో ఈ కాండం మీది బొడిపెలను ఒక్కొక్కటే తడుముతుంది. తడిమి, పైకి చదువుకుంటూ రాస్తుంది.

“నాకు తెలియదండి. కాండం చూపించండి.”