అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర

నేను ఒక దర్జీ టేపును. అరవై అంగుళాల పొడుగు, రెండు చివర్లా ఇత్తడి రేకు, ఒంటి నిండా అంకెలు. పుట్టింది ఏ ఫ్యాక్టరీలోనో నాకు తెలియదు. కోరుట్లలో గుండీలూ దారాలూ అమ్మే ఒక కొట్లో డజను మంది అన్నదమ్ములతో కలిసి చుట్టలా పడి ఉంటే, దర్జీ రాజేశం వచ్చి మా అందరినీ పక్కపక్కన పరిచి, అంకెలు సరిగ్గా కలిసినవాణ్ని నన్నొక్కణ్నే ఏరుకున్నాడు. అంత నిక్కచ్చి మనిషి. ఆ రోజు నుంచి పదహారేళ్లు ఆయన మెడే నా ఇల్లు.

మనుషుల గురించి నన్నడగండి. కొలత ఇచ్చేటప్పుడు ఒక్కడూ ఉన్నట్టు ఉండడు. పొట్ట లోపలికి పీల్చి, ఛాతీ ముందుకు తోసి, ఊపిరి బిగబట్టి నిలబడతాడు. నేను చుట్టుకున్నది వాడి నడుముకు కాదు, వాడి కోరికకు. రాజేశానికి ఇది తెలుసు. నేను ముప్పై నాలుగంటే నోటితో ముప్పై నాలుగే అని, పుస్తకంలో ముప్పై ఆరు రాసుకునేవాడు. "ఒళ్లు ఎంతున్నదో ఎవడన్న కొలుస్తడు. ఎంత లూజు ఇడువాలెనో తెలిసినోడే దర్జీ," అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆయన భార్య భూదమ్మ. దుకాణం బట్టలకు కాజాలు కుట్టేది, చేతి హెమ్మింగు చేసేది. మోకాళ్లు రెండూ అరిగిపోయి, ఇంట్లో గోడ పట్టుకుని నడిచేది. ఊరందరి ఒంటి మీదా పాకిన నేను ఆమెను ఒక్కసారి కూడా తాకలేదు. ఆమె జాకెట్లు రాజేశం కొలత తీసి కుట్టలేదు. పెళ్లినాటి పాత జాకెట్టు ఒకటి ఆదిగా పెట్టుకుని, దాన్ని చూసి కత్తిరించేవాడు. ఆది ఉండగా కొలతెందుకని ఆయన లెక్క. చంకల దగ్గర బిగిస్తే ఆమే రాత్రిపూట కుట్టు విప్పుకుని సరిచేసుకునేది.

వాళ్ల ఇల్లు ఇంకో ఇంటి వెనకాల ఉంటుంది. వీధి గేటు నుంచి గడప దాకా నలభై అడుగుల సందు. ఒకవైపు ముందింటి గోడ, ఒకవైపు పక్కవాళ్ల ప్రహరీ. సందు వచ్చి నేరుగా గడపకే తగులుతుంది, మధ్యలో వాకిలి అంటూ లేదు. భూదమ్మ బయటికి వెళ్లాలంటే ఆటో నడిపే మొయిన్ వచ్చేవాడు. తన ఆటోను వెనక్కి వెనక్కి నడిపించుకుంటూ గడప దాకా తెచ్చి, "అక్కా, ఎక్కు," అనేవాడు. ఆమె చెయ్యి చాస్తే ఆటో కమ్మీ అందేది. ఏ ఇబ్బందీ లేదు. మనుషులకు ఇబ్బంది లేకపోవడమే పెద్ద ఇబ్బంది.

ఒక పెళ్లిలో ఫంక్షన్ హాలు కాపలావాడు మొయిన్ ఆటోను గేటు దగ్గరే ఆపేశాడు. లోపలికి కార్లే పోవాలట. భూదమ్మ ఆ ఎండలో, అంత దూరం, రెండు చోట్ల కూర్చుని లేచి నడిచింది. నొప్పి పడింది ఆమె మోకాళ్లు, రోషం వచ్చింది ఈయన మీసాలకు. ఇంటికి రాగానే కారు కొంటానని ప్రకటించాడు.

సరిగ్గా ఆ వారమే భూదమ్మ అక్క ఎల్లవ్వ మంచం పట్టిందని కబురొచ్చింది. తల్లి పోయాక భూదమ్మను సాకింది ఎల్లవ్వే. కాజా కుట్టడం నేర్పింది కూడా ఆమే. ఉండేది పదిహేను కిలోమీటర్ల దూరంలోని పల్లెలో.

"అక్క నన్ను యాది చేస్తున్నదట. మొయిన్‌ను పిలువయ్యా, ఒక్కపారి సూసొద్దం," అంది భూదమ్మ.

"ఆటోల ఏం పోతవే? ఇంకో ఆదివారం దాక ఆగు. మీ అక్క ఇంటి ముంగట కారుల దిగుదువు. ఊరంత సూడాలె," అన్నాడు రాజేశం.

"నాకేం కారయ్యా? గడప కాడికి వచ్చేది నాకు సాలు."

"కారు గూడ గడప కాడికే వస్తది. కొలిచే కొంట!"

ఆ మాటతో నా మీద పడింది భారం. మర్నాడే సందు కొలిచాడు. నేను మొత్తం చాలలేదు. నేను అయిపోయిన చోట గోడ మీద బొగ్గుతో గీత పెట్టి, అక్కణ్నుంచి ఇంకో ఆరు. అరవై ఆరు అంగుళాలు. గేటు దగ్గర అంతే, గడప దగ్గర అంతే. మధ్యలో ముందింటివాళ్ల నీళ్ల పైపు మూడంగుళాలు ముందుకొచ్చిన చోట అరవై మూడు. అన్నీ పుస్తకంలో రాసుకున్నాడు.

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. పాత కార్లు అమ్మే చోటల్లా తిరిగాం. బేరం సంగతి తరవాత, ముందు నన్ను మెడలోంచి తీసి కారు ముందు మోకాళ్ల మీద కూర్చునేవాడు. ఒకటి అరవై ఐదు, ఒకటి అరవై ఎనిమిది. చవగ్గా దొరికింది సందులో పట్టదు, సందులో పట్టేది నడవదు. తన దుకాణం పుస్తకంలోనే, ఎవరి ప్యాంటు కొలతల కిందో, "ఎర్రది, నడుము 61" అని రాసేవాడు. ఒక చోట అమ్మేవాడు చూసి చూసి నవ్వాడు.

"పెద్దమనిషీ, కారు కొంటున్నవా, కారుకు సఫారీ కుడ్తున్నవా?"

రాజేశానికి కోపం రాలేదు. తన పనితనాన్ని మెచ్చుకున్నాడనుకున్నాడు. ఆ మూలనే ఉంది, సున్నం రంగులో, ముందు అద్దం చివర పగిలిన ఒక చిన్న కారు. అందరికంటే పాతది, అందరికంటే చవక. అద్దాల చెవులు రెండూ మడిచి కొలిస్తే యాభై ఏడు. "అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర!" అని రాజేశం పైకే అన్నాడు. ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. నేను చెప్పిన అంకె నిజమే. నేను కొంచెం సాగిపోయిన మాటా నిజమే కానీ, సందునూ కారునూ కొలిచింది నేనే కాబట్టి ఆ తప్పు నా మీదికి రాదు. లూజు చూసుకోవాల్సింది నేను కాదు.

డ్రైవింగు నేర్చుకోవడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలలో రెండుసార్లు కబురొచ్చింది. రెండుసార్లూ "ఇంకో వారం," అన్నాడు.

కారు ఇంటికొచ్చిన రోజు భూదమ్మ గడపలో హారతి పళ్లెంతో కుర్చీ వేసుకుని కూర్చుంది. రాజేశం చెమటలు కక్కుతూ, గీత పడకుండా, సందు మొత్తం దాటించి గడపకు జానెడు దూరంలో ఆపాడు. ఆపి, తలుపు తీశాడు. తలుపు నాలుగు వేళ్లు తెరుచుకుని గోడకు తగిలి ఆగింది. అటువైపు తలుపు తీశాడు. అదీ అంతే. అద్దం లోపల ఆయన, అద్దం బయట ఆమె. హారతి ఆరిపోయే దాకా ఒకరినొకరు చూసుకున్నారు. ఊళ్లో ప్రతి పొట్టకూ లూజు వదిలినవాడు తలుపు తెరుచుకోవడానికి వదలడం మరిచిపోయాడు.

ఇప్పుడైనా అమ్మేయచ్చు కదా? పది మందికి చెప్పుకుని కొన్నాక ఎవరు అమ్ముతారు? వీధిలో పెడితే గీతలు పడతాయట. ఆ రోజు మళ్లీ వీధిలోకి తీసుకుపోయి దిగాడు గానీ, రెండో రోజు నుంచి కారును వెనక్కి నడిపి లోపలికి తెచ్చేవాడు. డిక్కీ గడపవైపు ఉండేది. సీట్ల మీద నుంచి పాక్కుంటూ వచ్చి డిక్కీలోంచి ఇంట్లోకి దిగేవాడు. పొద్దున్నే మళ్లీ అందులోంచే దూరి బయటికి. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నేను మెడలో వేలాడుతూ ఎక్కడో ఒక చోట చిక్కుకునేవాణ్ని. కారు ఇంట్లో ఉన్నంతసేపూ సీసాకు బిరడా కొట్టినట్టే. లోపలివాళ్లు లోపలే. భూదమ్మ కారెక్కాలంటే నలభై అడుగులు నడిచి వీధిలోకి పోవాలి, ఆటోకు అదీ అక్కర్లేదు. ఆమె ఈ మాట అనలేదు. "ఐతారం పోదామంటివి కద, ఎట్లనో నడుస్త తియ్యి," అంది.

ఆ ఆదివారం రాలేదు. శుక్రవారం తెల్లవారుతుండగా ఎల్లవ్వ కోడలు ఫోను చేసింది. "చిన్నత్తా, ఊపిరి కొట్టుకుంటున్నది. నీ పేరే తలుస్తున్నది. జల్ది రా."

రాజేశం డిక్కీలోంచి దూరి తాళం తిప్పాడు. కారు ఉలకలేదు, పలకలేదు. ముందురోజు పాక్కుంటూ దిగినప్పుడు డిక్కీ సరిగ్గా పడలేదు. లోపలి చిన్న బల్బు తెల్లవార్లూ వెలిగి బ్యాటరీ అయిపోయింది. ఫోను చేస్తే మొయిన్ పది నిమిషాల్లో వచ్చాడు. ఆటో గేటు దగ్గర, అక్క గడప దగ్గర, మధ్యలో కారు. మొయిన్ వీధిలోంచి ముగ్గుర్ని పిలుచుకుని, కారు పైనుంచి పాకి ఇవతలికొచ్చాడు.

"అన్నా, అక్కను కుర్చీల కూసోబెట్టి కారు మీదికెళ్లి దాటిస్తం. అటు ఇద్దరం, ఇటు ఇద్దరం. రెండు నిమిషాల పని."

"వద్దు," అన్నాడు రాజేశం. "మూటను దాటిచ్చినట్టు ఆడమనిషిని దాటిస్తరా? వీధి వీధంత సూస్తది. ఆగుర్రి, కారే తీస్త."

"మూటనే అనుకోర్రి," అంది భూదమ్మ. "దాటియ్యుర్రి. మొయినూ, నీకు దండం పెడ్త."

మొయిన్ రాజేశం వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. మొగుడు వద్దన్నాక పరాయివాడు ఎలా ముట్టుకుంటాడు? ఆమె చేతులు జోడించే ఉంది. అప్పుడు నాకు నోరుంటే ఏమనేవాణ్నో రాయకూడదు.

కారు ముందు భాగానికి తాడు కట్టి వీధివైపు లాగారు. రాజేశం లోపల స్టీరింగు పట్టుకున్నాడు. ఇంజను ఆగిన కారు, మొండికేసిన స్టీరింగు. పైపు దగ్గర ఒక్క పిసరు తిప్పాడు. ముందు పక్క పైపుకు, వెనక పక్క ప్రహరీకి పట్టుకుని కారు ఏటవాలుగా బిగుసుకుపోయింది. పైపు పగిలి సందంతా నీళ్లు. నా అరవై మూడులో ఆ యాభై ఏడు ఎలా ఇరుక్కుందో నాకే తెలియదు. గునపాలు తెచ్చి, పైపు కోసి, కారును వీధిలోకి ఈడ్చేసరికి రెండున్నర గంటలు. మొయిన్ ఎప్పటిలాగే ఆటోను వెనక్కి నడిపించుకుంటూ గడప దగ్గరికి తెచ్చాడు. "అక్కా, ఎక్కు," అన్నాడు.

మేం వెళ్లేసరికి ఎల్లవ్వ పోయి అరగంటయింది. కోడలు గుమ్మంలోనే చెప్పింది. "రెండు నెలల సంది ఏ ఆటో సప్పుడైనా, మా సెల్లె వచ్చిందనేది, తలుపు దిక్కు సూసేది. పొద్దుగాల గూడ అదే సూపు."

భూదమ్మ ఆటో కమ్మీ వదల్లేదు. ఏడవనూ లేదు. రాజేశం పక్కన నిలబడి నన్ను వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

పన్నెండో రోజు దాటాక కారును పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తర్వాత ఒకనాడు సాయంత్రం నన్ను మెడలోంచి తీసి భూదమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె గడపలో కాజా కుడుతోంది. నన్ను ఆమె వైపు చాపాడు. పదహారేళ్లలో మొదటిసారి.

"జర లే. కొలత తీస్త. కొత్త జాకెట్టు కుడ్త నీకు," అన్నాడు.

ఆమె సూది ఆపలేదు. తల ఎత్తలేదు.

"ఎందుకు? ఆది ఉన్నది కద, దాన్ని సూసి కుట్టు."

ఆయన నన్ను మళ్లీ మెడలో వేసుకోలేదు. తలుపు పక్కన మేకుకు తగిలించి లోపలికి వెళ్లిపోయాడు. దుకాణానికి వేరే టేపు కొన్నాడు. నేను ఇక్కడే ఉన్నాను. ఇక్కణ్నుంచి చూస్తే గేటు దాకా సందంతా కనిపిస్తుంది. ఖాళీగా, అరవై ఆరు అంగుళాలు.