పదమూడు సెంటీమీటర్ల వీధి

ఆ ఉదయం ఆ బడి గేటు దగ్గర కాసేపు నిలబడి చూస్తే, అక్కడ చదువుకుంటున్నది పిల్లలా పెద్దలా అని మీకు అనుమానం వచ్చి తీరేది. నాలుగో తరగతి ప్రాజెక్టులు తెచ్చి చూపించాల్సిన రోజు అది. పిల్లలు చేతులూపుకుంటూ వస్తున్నారు. వాళ్ల ప్రాజెక్టులు మాత్రం తల్లుల చేతుల్లో, తండ్రుల భుజాల మీద వస్తున్నాయి. మందుల షాపాయన ఒక పెద్ద అగ్నిపర్వతాన్ని పొట్టకు ఆనించుకుని మోస్తూ, పక్కన నడుస్తున్న కొడుకుతో "దూరంగా నడువు, నువ్వు ముట్టుకుంటే పాడైపోతుంది" అంటున్నాడు. దాన్ని ఆ కొడుకే చేశాడని కింద కార్డు మీద ముచ్చటైన అక్షరాలతో రాసి ఉంది. ఆ అక్షరాలు కూడా ఆ కొడుకువి కావు.

నాలుగో తరగతి టీచరు ఇదంతా కిటికీలోంచి చూస్తోంది. ఆమె మొదట్నుంచీ ఇలా కిటికీలోంచి చూసే మనిషి కాదు. పాఠం ఏదైనా పిల్లల చేతుల్లోంచి వెళ్తేనే బుర్రలో నిలుస్తుందని గట్టిగా నమ్మిన మనిషి. భిన్నాలు చెప్పాలంటే కాగితం మడతపెట్టించేది. ఆకుల్లోని ఈనెలు చూపించాలంటే ఆకులకు రంగు పూయించి అచ్చు వేయించేది. నది గురించి చెప్పాల్సి వస్తే బంకమట్టితో కొండ చేయించి, చెంబుతో నీళ్లు పోయించి, నీళ్లు ఎటు పోతాయో పిల్లల చేతే చెప్పించేది. గది అంతా మట్టీ జిగురూ అయ్యేది గానీ ఎవరూ ఆవలించేవారు కాదు.

తర్వాత ఆ పనులు ఇళ్లకు పాకాయి. ఒక పిల్ల చేసిన వంకర కొండ పక్కన ఇంకో పిల్ల తండ్రి చేసిన చక్కని కొండ వచ్చి కూర్చుంది. చూసిన వాళ్లంతా చక్కని కొండనే మెచ్చుకున్నారు. మరుసటి నెలకు వంకర కొండలు మాయమయ్యాయి. వీధి చివర స్టేషనరీ కొట్లో గ్రహాలూ గుండెకాయలూ సిద్ధంగా దొరకసాగాయి, పేరు రాసుకుంటే సరిపోతుంది. అప్పట్నుంచి టీచరుకు ఏ వస్తువును చూసినా అనుమానమే. పిల్లల గోళ్లలో రంగు ఉందా లేదా చూస్తుంది. ఉన్నట్టుండి "ఈ ముక్క ఎలా అతికించావు?" అని అడుగుతుంది. "నాది టీచరుద్యోగమో పోలీసుద్యోగమో నాకే తెలియడం లేదు" అని తోటి టీచర్లతో ఒకసారి అంది కూడా. ఈసారి కూడా అన్నీ దొంగ పనులే అయితే ఈ ప్రాజెక్టులన్నీ ఆపేసి, నోటుబుక్కులో ప్రశ్నలూ జవాబులూ రాయించుకుంటూ కూర్చుంటానని ఆమె మనసులో నిర్ణయించుకుంది.

ఆ తరగతిలో పిచ్చుక అని ఒక అమ్మాయి ఉంది. సన్నగా, చురుగ్గా ఉంటుందని చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు. తండ్రి లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే. తల్లి ఇంటి ముందు గదిలోనే బైండింగ్ షాపు నడుపుతుంది. ఆఫీసు రిజిస్టర్లు, కాలేజీ పిల్లల రికార్డులు, పాత పుస్తకాలు ఆమె చేతిలో పడితే మళ్లీ కొత్తవవుతాయి. కుట్టు పని చూసుకోవడానికి ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన్ను ఆమె బాబాయ్ అంటుంది.

పిచ్చుక ఎంచుకున్న పని తమ వీధిని కొలవడం. రెండు వారాల పాటు సాయంత్రాలు షాపు మెట్ల మీద కూర్చుని బొమ్మలు గీసింది. ఒక్కో షాపు ముందూ ఈ చివర్నుంచి ఆ చివరికి అంగలు వేసి లెక్కపెట్టింది. ఒక్కో షాపుకు ఒక్కో పేజీ, ఒక్కో అంగకు ఒక్కో సెంటీమీటరు. టైలరు షాపు పదమూడు అంగలైతే ఆ పేజీ వెడల్పు పదమూడు సెంటీమీటర్లు. మందుల షాపు పదిహేడు అంగలైతే ఆ పేజీ పదిహేడు. అలా ఆరు పేజీలు తనే కత్తెరతో కోసి, బాబాయ్ దగ్గర దారం అడిగి, తనే సూదిలోకి ఎక్కించి కుట్టుకుంది. పేజీలు ఒకటి లోపలికి, ఒకటి బయటికి ఉన్నాయి. ఉండాలి కూడా. షాపులు అలాగే ఉన్నాయి మరి.

ఈ సంగతి తల్లికి తెలియదు. పరీక్షల కాలం, రికార్డులు గుట్టలుగా పడి ఉన్నాయి. ఆ ఉదయం పిచ్చుక స్నానానికి వెళ్లినప్పుడు ఆమెకు బల్ల మీద ఆ పుస్తకం కనిపించింది. అంచులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. "పిల్ల కోత" అని నవ్వుకుంది. బైండింగ్ షాపు నుంచి అట్ట లేని పుస్తకం బడికి వెళ్లడమా అనుకుని, లోపల ఏముందో తిప్పి చూడకుండానే ఒక గోధుమరంగు అట్ట వేసింది. అన్నిటికంటే చిన్న పేజీని కొలతగా పెట్టుకుని, కటింగ్ మిషన్ కింద తోసి, మూడు వైపులా కోసింది. దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి కూతురి సంచిలో పెట్టింది. అంతా కలిపి అయిదు నిమిషాల పని. ప్రేమతో చేసిన పనే, మీరు ఆమెను తొందరపడి తిట్టుకోకండి. ఇలాంటి కోతలు మన ఇళ్లలో రోజూ జరుగుతూనే ఉన్నాయి.

తరగతిలో టీచరు ఆ పొట్లం విప్పించింది.

"ఈ అట్ట ఎవరు వేశారు?"

పిచ్చుక అట్టను అప్పుడే మొదటిసారి చూస్తోంది. "మా అమ్మ అయ్యుంటుంది టీచర్."

"అయ్యుంటుందా? నీ పుస్తకం సంగతి నీకు తెలీదా?"

"లోపలంతా నేనే చేశాను టీచర్. అంగలతో కొలిచాను. పేజీ వెడల్పే షాపు వెడల్పు."

టీచరు స్కేలు తీసింది. కింద పదిహేను అని రాసి ఉన్న పేజీ పదమూడు వచ్చింది. పదిహేడు అని ఉన్నదీ పదమూడే. పదహారు అని ఉన్నదీ పదమూడే. టైలరు షాపు ఒక్కటే సరిపోయింది. ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నువ్వే కొలిస్తే అన్నీ పదమూడెలా వచ్చాయి? ఈ అంచు చూడు. ఇది కత్తెరతో కోసిందా?"

పిచ్చుక అంచు మీద వేలితో రాసి చూసింది. గాజులా నున్నగా ఉంది. ఏం జరిగిందో ఆ పిల్లకు ఒక్క క్షణంలో అర్థమైంది. అమ్మ కోసింది అని చెప్తే, అమ్మే చేసిందని అంటారు. చెప్పకపోతే తనే అబద్ధాలకోరు అవుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల ఎటూ తేల్చుకోలేక నోరు మూసుకుంది. ఆ మౌనాన్ని టీచరు ఒప్పుకోలు కిందే జమకట్టింది. పుస్తకం తన దగ్గరే పెట్టుకుని, రేపు మీ అమ్మతో రమ్మని కాగితం రాసి ఇచ్చింది. పక్క బల్ల మీద అగ్నిపర్వతానికి మాత్రం ఎవరూ స్కేలు పెట్టలేదు. అందులో కొలవడానికి ఏమీ లేదు కాబట్టి అది బతికిపోయింది.

ఆ సాయంత్రం కాగితం చదివిన తల్లికి ఒళ్లు మండింది. "అట్ట వేస్తే తప్పా? అందరూ కొని తెస్తుంటే కళ్లకు ఆనదు గానీ, జిగురు చేతులవాళ్లమని మన మీద పడతారా?" అని గొణుక్కుంది. ఆమె లెక్కలో ఆ ఉదయం తాను చేసింది అట్ట వేయడం ఒక్కటే. కోయడం అనేది ఆమెకు తలుపు దగ్గరికి వేయడం లాంటిది, గుర్తుండే పని కాదు.

"అసలు టీచరేమంది?"

"నువ్వే వెళ్లి చూడు" అంది పిచ్చుక గోడ వైపు తిరిగి.

ఆ తిరగడంలో తల్లికి ఇంకో అనుమానం పుట్టింది. పిల్ల ఏదో దాస్తోంది. కుట్టు ముడి మరీ నీటుగా ఉన్నట్టు కూడా గుర్తొచ్చింది. దారం చుడుతున్న పెద్దాయన వైపు చూసింది.

"ఏం బాబాయ్, దానికి కుట్టిపెట్టింది నువ్వేనా?"

"దారం అడిగితే ఇచ్చానమ్మా. సూదైనా ఎక్కిస్తానంటే వద్దంది. రెండు వారాలుగా చూస్తున్నా, నన్ను దగ్గరికే రానియ్యలేదు."

"నిజం చెప్పవే. బాబాయ్ చేశాడా?"

పిచ్చుక ఇటు తిరిగింది. "నువ్వు కూడా నమ్మవా అమ్మా?" అని మాత్రం అంది. ఆ పూట అన్నం తినలేదు. తల్లి పైకి కోపంగానే ఉంది గానీ, ఆ మాట ఆమెను లోపల్లోపల గుచ్చుతూనే ఉంది.

మర్నాడు బడికి ఆమె తగువుకు సిద్ధమయ్యే వెళ్లింది. మందుల షాపాయన కూడా అగ్నిపర్వతం వెనక్కి తీసుకెళ్లడానికి వచ్చి తరగతి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పిల్లలంతా చెవులు రిక్కించారు.

"అట్ట నేనే వేశాను మేడమ్. దాచాల్సిన పనేముంది?" అంది తల్లి.

"అట్ట గురించి కాదండీ. ఇది చూడండి." టీచరు పేజీ తెరిచి స్కేలు పెట్టింది. "మీ అమ్మాయి కొలిచానంటోంది. పదిహేడు అని రాసింది. ఇక్కడ పదమూడే ఉంది. పేజీ వెడల్పే షాపు వెడల్పట. మరి వీధిలో షాపులన్నీ ఒకే కొలతా?"

తల్లి స్కేలు వైపు చూడలేదు. ఆమె చూపు కాగితం అంచు మీద ఆగిపోయింది. వాళ్ల మిషన్ కత్తి అంచు ఒకచోట చిన్నగా విరిగి ఉంది. పదును పెట్టించాలి పెట్టించాలి అనుకుంటూ రోజులు గడిచిపోతున్నాయి. ఆ కత్తి కోసిన ప్రతి పుస్తకం అంచు మీదా వెంట్రుకంత గీత పడుతుంది. ఈ ఆరు పేజీల అంచు మీదా ఆ గీత ఉంది.

మెట్లు మెట్లుగా ఉన్న అంచులు ఆమె కళ్ల ముందు మెదిలాయి. కోసింది తనే.

"మేడమ్, నాకొక గంట టైమివ్వండి. దాన్ని ఇంకేమీ అడక్కండి. తప్పు దానిది కాదు."

తల్లి షాపుకు చేరేసరికి మూల కాగితం ముక్కల గోతాం నిండుగా ఉంది. చిత్తుకాగితాల బండివాడు అప్పటికే గుమ్మంలో తక్కెడ సర్దుకుంటున్నాడు. అతను చెయ్యి వేసేలోపే ఆమె గోతాన్ని లాగి నేల మీద గుమ్మరించింది. ఏమైందమ్మా అంటూనే పెద్దాయన కూడా పక్కన చతికిలపడ్డాడు. రికార్డుల తెల్ల పేలికలు మోకాలెత్తు గుట్టయ్యాయి. వాటిలో దళసరి డ్రాయింగు కాగితం కోసం ఇద్దరూ గుప్పిళ్లతో వెతికారు. ఒకటి దొరికింది, పచ్చరంగు గోడ చివర. తర్వాత ఇంకోటి. అయిదోది దొరికేసరికి ఆమె చీరంతా కాగితం పొడి. అది వాళ్ల షాపు పేజీ తాలూకు ముక్క. దాని మీద రెండు మెట్లు ఉన్నాయి. మెట్ల మీద గళ్ల చీర కట్టుకుని దారం పేనుతున్న ఒక మనిషి ఉంది. ఆమెను పోల్చుకోవడానికి తల్లికి ఎంతో సేపు పట్టలేదు. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చింది.

ఆమె తిరిగి తరగతిలోకి వచ్చి, టీచరు బల్ల మీద ఆ ముక్కల్ని ఒక్కోటీ దాని పేజీ పక్కన ఆనించింది. గోడకు గోడ, తలుపుకు తలుపు అతికినట్టు కలిశాయి. టీచరు మళ్లీ స్కేలు పెట్టింది. పదిహేను. పదహారు. పద్నాలుగు. పదిహేడు. చివరి పేజీ పదహారు.

ఏం తేలుతుందోనని ఇంకా అక్కడే ఉన్న మందుల షాపాయన వంగి చూశాడు. "మా షాపు ముందు బరువు చూసే మిషన్ కూడా వేసింది" అన్నాడు మెల్లగా. తర్వాత తన కొడుకు వైపు చూసి, "మనం కొనుక్కొచ్చాం" అన్నాడు. ఎవరూ అతన్ని అడగలేదు.

టీచరు స్కేలు పక్కన పెట్టి పిచ్చుక ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నిన్న అందరి ముందూ నిన్ను అనుమానించాను. ఇవాళ అందరి ముందే చెప్తున్నాను, తప్పు నాది. నువ్వు చెప్పింది ప్రతి అక్షరం నిజం." పిచ్చుక తల ఊపింది గానీ ఇంకా తల్లి వైపు చూడలేదు.

"ఈ పనులన్నీ ఆపేద్దామనుకున్నాను" అంది టీచరు లేచి, తల్లితో. "ఆపను. ఇక మీదట చేసేది ఏదైనా ఈ గదిలోనే చేస్తారు. వంకరగా ఉంటే వంకరగానే గోడకెక్కుతుంది. మీకు వీలైతే వారానికొకసారి వచ్చి పిల్లలకు కుట్టడం నేర్పండి."

"వస్తాను మేడమ్. కత్తి మాత్రం తీసుకురాను" అంది తల్లి. అప్పుడు పిచ్చుక ఫక్కున నవ్వి, వెళ్లి అమ్మ కొంగు పట్టుకుంది.

ఆ ముక్కల్ని మళ్లీ అతికించింది పిచ్చుకే. జిగురు కొంచెం బయటికి పొంగింది, మెట్ల మీది మనిషి మోచెయ్యి కాస్త పక్కకు జరిగింది. సరిచేద్దామని తల్లి చెయ్యి ముందుకు చాపి, మధ్యలోనే వెనక్కి తీసుకుంది. నెలాఖరున తల్లిదండ్రులందరినీ పిలిచిన సమావేశంలో టీచరు ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, నాలుగు మాటలు చెప్పమని ఆమెను అడిగింది. మాట్లాడటం అలవాటు లేని మనిషి, కూర్చునే చెప్పింది.

"నేను ఇరవై ఏళ్లుగా అంచులు సరిచేస్తున్నాను. ఎగుడుదిగుడుగా ఉంటే తప్పనే అనుకున్నాను. మా పిల్ల నేర్చుకున్న లెక్కంతా ఆ ఎగుడుదిగుడులోనే ఉంది, నేను విప్పి చూడలేదు. అది అబద్ధం చెప్తోందని కూడా అనుకున్నాను. మీ పిల్లలు చేసింది వంకరగా కనిపిస్తే ముందు ఎందుకలా చేశారో అడగండి, వాళ్లు చెప్పింది నమ్మండి. అందంగా ఉండాలని మనం చెయ్యి పెట్టిన ప్రతిసారీ, వాళ్లు నేర్చుకున్నదాన్నే కోసి గోతాంలో పారేస్తున్నాం."