బావ పట్టిన నీళ్ళ గొట్టం

పుట్టగానే ఏడవలేదట, అన్నిటికీ రుజువడిగే 'ఎందుకు' మాస్టారు. "ఏడిస్తేనే బతికున్నట్టని రుజువేంటి?" అని మంత్రసానినే నిలదీశాడట. దేవుడి మాటెత్తితే ముప్పై ఏళ్ళుగా వెటకారం తప్ప ఎరగని అలాంటి మనిషి, ప్రార్థన మందిరం కడుతున్న చోటికి వారం రోజులుగా వచ్చి కూర్చుంటే తాపీ మేస్త్రీకి అనుమానం రాదూ?

పైగా మాస్టారు అతని భార్యకు స్వయానా అన్న. పేపర్లకి రాసే అలవాటు కూడా ఉంది. చేతిలో చిన్న పుస్తకం. గోడ వంక చూడటం, ఏదో రాసుకోవడం, మేస్త్రీ చూస్తే టక్కున మూసెయ్యడం. 'పేపర్లో ఏకిపారేస్తాడు. సంఘం ముందు నా తల కొట్టేసినట్టవుతుంది' అనుకున్నాడు మేస్త్రీ. ఒక కన్ను ఇటుక మీద, ఒక కన్ను బావ మీద వేసి పనిచేసి చేసి వారం తిరిగేసరికి మెల్లకన్ను పడేలా ఉంది.

మర్నాడు గోడల మీదికి దూలాలు ఎక్కించాలి. మేస్త్రీ అన్నం తినొచ్చేసరికి బావ గోడ పొడుగునా నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టం పట్టి మట్టం చూస్తున్నాడు.

"ఏం బావా, గోడకి సెలైన్ ఎక్కిస్తున్నావా?"

"రోగం ఉంది మరి. ఆ మూల మూడు వేళ్ళు దిగింది."

"నీ మొహం! ఇది మా నాన్న వాడిన రసమట్టం. బుడగ నడిమధ్యన ఉంది, చూడు."

"నేననేదీ అదే. నాన్న ఇచ్చాడు, నమ్మావు. రసమట్టమైనా అంతే, దేవుడైనా అంతే. ఎప్పుడైనా తిప్పి చూశావా?"

మేస్త్రీకి చురుక్కుమంది. రసమట్టాన్ని అటు కొస ఇటు తిప్పి అదే చోట పెట్టాలి; బుడగ జరిగితే రసమట్టమే అబద్ధమాడుతున్నట్టు. పని నేర్చుకోను వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి మొట్టికాయలు వేసి చెప్పినవాడే. నాన్న రసమట్టాన్ని మాత్రం ఏనాడూ తిప్పలేదు. తిప్పితే నాన్నను అనుమానించినట్టుండేది.

తిప్పాడు. బుడగ ఓ పక్కకి పరిగెత్తింది.

"ఆ పుస్తకం ఇటియ్యి," అని లాక్కున్నాడు. అందులో వెటకారం ఒక్క ముక్క లేదు. అన్నీ కొలతలే. అడుగున ఒక వాక్యం: 'చెల్లెలు కూర్చునేది ఈ మూలే.'

మేస్త్రీ పుస్తకం తిరిగిచ్చేశాడు. తర్వాత సుత్తి అందుకుని పై వరసలు ఊడబెరకడం మొదలెట్టాడు.

"నువ్వన్నది నిజమే బావా. నాన్న ఇచ్చాడని నమ్మాను. భయానికి కొంత మోకరించాను. అది తిప్పి చూసుకోవాల్సిందే. కానీ రసమట్టం తప్పు చూపిస్తే మట్టమే లేదన్నట్టా? ఉందని నీ నీళ్ళే చెప్పాయిగా."

మాస్టారు గొట్టం చుడుతున్నాడు.

"ఇప్పుడు నీది తిప్పు. భయం కొద్దీ నేను దేవుడు ఉన్నాడన్నాను, సరే. ఎవడికీ జవాబు చెప్పక్కర్లేదన్న సుఖం కొద్దీ నువ్వు లేడనలేదని రుజువేంటి?"

పుట్టాక మొదటిసారి మాస్టారు తన ప్రశ్నని తన మీదికే తిప్పుకున్నాడు.

"కదిలిందా బుడగ?"

"కదిలింది. ఎటో ఇంకా తేలలేదు," అని మాస్టారు ఇటుకలు అందుకున్నాడు.

సాయంత్రం మేస్త్రీ సంఘ పెద్దల దగ్గరికి తనే వెళ్ళి తప్పు ఒప్పుకున్నాడు. చీవాట్లు తిన్నాడు. దూలాలు పది రోజులు ఆలస్యమయ్యాయి.

మందిరం తెరిచిన ఆదివారం మాస్టారు వచ్చి ఆ మూలే, చెల్లెలి పక్కన కూర్చున్నాడు. ప్రార్థనలో అందరితోపాటు కళ్ళు మూశాడు. ప్రార్థనా, గోడ లెక్కా? మేస్త్రీ అనుమానం ఆగక ఒక కన్ను తెరిచాడు.

అటు బావ కూడా ఒక కన్ను తెరిచి ఇతన్నే చూస్తున్నాడు.