తిరుగుడు నంబరు

పొద్దున్నే చీటీ తీసుకోవడం, కిటికీ దగ్గర నిలబడటం, అవతలివాడు టీ తాగొచ్చేదాకా వాడి ఖాళీ కుర్చీ వంక చూడటం. ఆ ఆసుపత్రిలో రోజూ జరిగేది ఇదే. చీటీని రెండో కిటికీలో పెడితే మొదటి నంబరుకి రెండు రెట్లవుతుంది, మూడో దాంట్లో పెడితే మూడు రెట్లు. కాగితం మీద అంకెలు వాటంతటవే మారిపోతాయి, చంటిపిల్లలకీ తెలిసిన సంగతే. పాత అంకెలన్నీ పోయి కొత్తవి వస్తేనే డాక్టరు గది తలుపు తీస్తారు. ఈ పద్ధతి ఎవడు పెట్టాడో గానీ, వాడి నోట్లో మన్ను పడ!

టైలరమ్మకి 142857 వచ్చింది. ఆమె తమ్ముడు వెల్డింగ్ పని చేస్తాడు. ఇనుప దూలం పడి పాదం నలిగింది, వేళ్లు నల్లబడుతున్నాయి. ఇవాళ డాక్టరు చూడకపోతే కాలు తీసెయ్యాల్సిందేనని కట్టు కట్టిన నర్సు చెప్పేసింది. వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి ఆమె రెండో కిటికీకి పరిగెత్తింది. చీటీ మీద 285714 అయింది.

"అవే అంకెలు కదా, అటూ ఇటూ జరిగాయంతే. మూడుకెళ్లు," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

మూడులో 428571. నాలుగులో 571428. ఐదులో 714285. ఆరులో 857142.

"ఇంక కిటికీల్లేవు. రేపు రా," అన్నాడు ఆరోవాడు.

"రేపటికి వాడి కాలుంటుందా? మీ ఇంట్లోవాళ్లకి 142857 వస్తే ఇలాగే తిప్పుతావా?"

"నా మీద అరిస్తే నంబరు మారుతుందా?"

బల్ల చివర కూర్చున్న రిటైరైన లెక్కల మాస్టారు చెవి ఇటు పెట్టాడు.

"142857 అన్నావా? అబ్బ, ఎంత అందమైన నంబరమ్మా! ఆరు దాకా దేనితో హెచ్చవేసినా అవే అంకెలు, అదే వరసలో గుండ్రంగా తిరుగుతాయి. నాకూ రెండేళ్ల కిందట అదే వచ్చింది, ఎవరికి వచ్చిన నంబరు వాళ్లకి రోజూ అదే. కళ్లు చూపించుకుందామని అప్పట్నుంచీ రోజూ వస్తున్నా."

"దాని అందం తగలెయ్య! అది మారేదెప్పుడు?"

"ఏడుతో హెచ్చవేస్తే. అన్నీ తొమ్మిదులే. కానీ ఏడో కిటికీ మూసేశారుగా."

హాలు చివర ఆ ఏడో కిటికీకి చెక్క తలుపు బిగించి ఉంది. దాని వెనక గుమాస్తాలు టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటారు.

టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది. "తెలిసీ కూర్చున్నారా? ఇన్నాళ్లూ? ఒక్కసారి ఆ తలుపు బాదాలని తోచలేదా మీకు?"

"మూసి ఉందని బోర్డు పెట్టారు కదమ్మా."

ఆమె మాస్టారి జేబులోంచి చీటీ లాక్కుంది. తమ్ముడి చంకకర్ర తీసుకుని ఆ చెక్కని ఎడాపెడా వాయించింది. "ఏయ్, ఏయ్!" అంటూ గుమాస్తాలు లేచేసరికి చెక్క విరిగింది, డబ్బాలు దొర్లాయి, రెండు చీటీలూ ఏడో కిటికీలోకి వెళ్లాయి.

డాక్టరు గది తలుపు తీశారు. "రెండు వేళ్లు పోతాయి, కాలు దక్కుతుంది," అన్నాడు డాక్టరు. టైలరమ్మ అక్కడే కూలబడి భోరుమంది.

తర్వాత మాస్టారి కళ్లలోకి లైటు వేసి చూశాడాయన. "ఇంక చూపు రాదండీ. పోయినేడాదైనా రావాల్సింది."

"వచ్చాను," అన్నాడు మాస్టారు.

బయటికొచ్చాక ఆయన నెమ్మదిగా అడిగాడు. "మారాక ఎలా ఉందమ్మా నంబరు? లెక్క కట్టడమేగానీ ఎప్పుడూ చూళ్లేదు."

ఆమెకి మళ్లీ కోపం తన్నుకొచ్చింది. గుమాస్తాల మీద, ఆ బోర్డు మీద, ఈ పెద్దమనిషి ఓపిక మీద. ఆయన చెయ్యి లాగి, అరచేతిలో వేలితో గట్టిగా తొమ్మిది రాసింది. పక్కనే ఇంకో తొమ్మిది. ఆరూ అయ్యేదాకా ఆ చెయ్యి వదల్లేదు.